‘కౌన్సెలింగ్ అయ్యాక చూద్దాం’: ఎంబీఏ లెక్చరర్ ఉద్యోగం ఎవరి చేతిలో ఉంది?

హనుమకొండ, కాజీపేట, హసన్‌పర్తి చుట్టుపక్కల ఎంబీఏ కాలేజీల్లో ఏటా ఒక మాట వినిపిస్తుంది. "కౌన్సెలింగ్ అయ్యాక చూద్దాం సార్." అనేది కరస్పాండెంట్ లేదా ప్రిన్సిపాల్, వినేది అదే కాలేజీలో ఐదేళ్లో పదేళ్లో మార్కెటింగో ఫైనాన్సో చెప్పిన లెక్చరర్. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ కౌన్సెలింగ్ చివరి విడత అయిపోయి, స్పాట్ అడ్మిషన్లు కూడా ముగిశాక సీట్లు నిండితే ఫోన్ వస్తుంది, నిండకపోతే రాదు. ఫోన్ రాలేదంటే ఉద్యోగం పోయినట్టే. తీసేశామని కాగితం ఇవ్వరు, కారణం చెప్పరు, నోటీసు కాలం అన్న మాటే రాదు. ఆ లెక్చరర్ మాత్రం ఇంట్లో "ఇంకా పిలవలేదు" అని చెబుతూ రెండు నెలలు గడుపుతారు.

ప్రొఫెసర్ల ఉద్యోగ భద్రత గురించి, బిజినెస్ స్కూళ్లలో తీసివేతల గురించి ప్రపంచమంతా మాట్లాడుతోంది. ఆ చర్చలో మన లెక్చరర్లు కనిపించకపోవడానికి పెద్ద కారణం ఈ కాగితం లేకపోవడమే. అమెరికాలోనో బ్రిటన్‌లోనో వందమందిని తీసేస్తే అదొక ప్రకటన, ఒక ఓటు, ఒక వార్త. ఇక్కడ వందమందికి ఫోన్ రాకపోతే అది ఏ లెక్కలోకీ రాదు.

టెన్యూర్, అంటే తగిన కారణం చూపకుండా టీచర్‌ను తీసేయకూడదన్న భద్రత, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి, ఎందుకంటే దాని మీద మన దగ్గర చాలా అపోహలున్నాయి. 1900లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ రాస్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ ఉద్యోగం పోయింది. ఆయన బయట మాట్లాడిన మాటలు జేన్ స్టాన్‌ఫర్డ్‌కు నచ్చలేదు. ఆమె యూనివర్సిటీ పెట్టిన లీలాండ్ స్టాన్‌ఫర్డ్ భార్య, అప్పటికి భర్త చనిపోయి పెత్తనమంతా ఆమె చేతిలో ఉంది. రాస్ మాటలన్నీ గొప్పవేమీ కావు, ఆసియా నుంచి వచ్చే కూలీల మీద ఆయనకున్న ద్వేషం అందులో ఉంది. అయినా అసలు ప్రశ్న వేరు: కాలేజీ పెట్టిన ఒక్క మనిషికి నచ్చకపోతే పాఠం చెప్పే మనిషిని పంపేయొచ్చా? ఆ ప్రశ్న మీదే కొందరు తోటి ప్రొఫెసర్లు రాజీనామా చేశారు. వాళ్లలో ఒకరైన ఆర్థర్ లవ్‌జాయ్ తర్వాత జాన్ డ్యూయీతో కలిసి 1915లో అమెరికా ప్రొఫెసర్ల సంఘం పెట్టడంలో ముందున్నారు. 1940లో ఆ సంఘం, కాలేజీల సంఘం కలిసి ఒక ప్రకటన చేశాయి. ప్రొబేషన్ ఏడేళ్లు దాటకూడదు, అది దాటిన టీచర్‌ను తగిన కారణం చూపించకుండా తీసేయకూడదు, నైతికంగా నీచమైన పని చేసి దొరికితే తప్ప తీసేసినా కనీసం ఏడాది జీతం ఇవ్వాలి అని అందులో ఉంది.

అంటే టెన్యూర్ వచ్చినవాళ్లను ఎప్పటికీ తీసేయలేరని కాదు. సంస్థ నిజంగా ఆర్థిక సంక్షోభంలో ఉందని చూపిస్తే, కోర్సునే ఎత్తేస్తే తీసేయొచ్చు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ 2023లో సుమారు 4.5 కోట్ల డాలర్ల లోటు చూపించి 28 కోర్సులు, 143 ఫ్యాకల్టీ పోస్టులు తగ్గించడానికి బోర్డులో ఓటు వేసింది. టెన్యూర్ ఉన్నవాళ్లూ అందులో ఉన్నారు. కానీ ఆ లోటు ఎంతో చెప్పారు, ఏ కోర్సు ఎందుకో చెప్పారు, విద్యార్థులు, ప్రొఫెసర్లు ఎదురు తిరిగి మాట్లాడే అవకాశం కొంతైనా దొరికింది. ఫలితం మారకపోయినా లెక్క అందరి ముందూ ఉంది. మన దగ్గర లేనిది ముందుగా అదే.

అమెరికాలోనూ ఆ ఏర్పాటు కరిగిపోతోంది. 1987లో అక్కడి ఫ్యాకల్టీలో 39 శాతం మంది పూర్తికాలం టెన్యూర్‌లో ఉంటే 2021కి అది 24 శాతానికి పడిపోయింది, 68 శాతం మంది ఏదో ఒక రకం తాత్కాలిక నియామకాల్లో ఉన్నారు. బ్రిటన్ అయితే 1988లో చట్టం తెచ్చి కొత్తగా చేరేవాళ్లకు, ప్రమోషన్ పొందేవాళ్లకు టెన్యూర్ తీసేసింది. దాని ఫలితం ఒక బిజినెస్ స్కూల్లోనే బాగా కనిపించింది. 2021లో లెస్టర్ యూనివర్సిటీ తన బిజినెస్ స్కూల్లో తీసివేతలకు ఎంచుకున్నది ఎవరినంటే, కంపెనీల యాజమాన్య పద్ధతులను విమర్శనాత్మకంగా పరిశీలించే విభాగంలోనూ రాజకీయ అర్థశాస్త్రంలోనూ పనిచేసేవాళ్లను. పనితీరు బాగోలేక కాదు, ఆ పరిశోధన రంగాలు ఇక మాకు వద్దని. వ్యాపారం ఎలా చేయాలో చెప్పేవాళ్లు ఉండొచ్చు, వ్యాపారం ఎవరికి మేలు చేస్తోందో అడిగేవాళ్లు వద్దన్నట్టు అర్థమైంది చాలామందికి. బిజినెస్ స్కూలు ఉండేదే డబ్బు, అధికారం, యాజమాన్యం గురించి మాట్లాడటానికి కాబట్టి, అక్కడ పాఠం చెప్పేవాళ్లకు భయం లేకుండా ఉండటం మిగతా డిపార్ట్‌మెంట్లకంటే ఎక్కువ అవసరం.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వద్దాం.

ఒక ఎంబీఏ కాలేజీలో 60 సీట్ల సెక్షన్ ఒకటి ఉందనుకుందాం. రెండేళ్లకు కలిపి 120 మంది. 2018కి ముందు, ఇంజినీరింగ్, ఎంబీఏ కాలేజీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధన 15 మంది విద్యార్థులకు ఒక టీచర్, అంటే 8 మంది కావాలి. 2018-19 నుంచి దాన్ని 20 మందికి ఒకరు అని మార్చారు, 8 మంది పోయి 6 అయ్యారు. ఒక్క హ్యాండ్‌బుక్‌లో ఒక్క అంకె మారితే సెక్షన్‌కు రెండు ఉద్యోగాలు లేకుండా పోయాయి. కాలేజీలు ఆ మార్పును స్వాగతించాయి. లెక్చరర్లకు మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

అసలు చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది. నిబంధన లెక్కపెట్టేది మంజూరైన సీట్లను. యాజమాన్యం లెక్కపెట్టేది క్లాసులో కూర్చున్న తలలను. 60 సీట్లకు 35 మందే చేరారనుకోండి, ఆ ఏడాది మొత్తం 95 మంది, యాజమాన్యం లెక్కలో ఐదుగురు చాలు. రెండో ఏడాదీ 35 మందే వస్తే మొత్తం 70, అప్పుడు నలుగురు చాలు. కాగితం మీద మాత్రం ఆరుగురే ఉండాలి, లేకపోతే అఫిలియేషన్, అంటే యూనివర్సిటీ గుర్తింపు దగ్గర తేడా వస్తుంది. ఈ రెండు లెక్కల తేడాను పూడ్చడానికే ఇన్‌స్పెక్షన్ రోజున కొత్త ముఖాలు కనిపిస్తాయి. వేరే కాలేజీలో పనిచేసేవాళ్లు, అసలు ఎక్కడా పనిచేయనివాళ్లు, పేరు ఇచ్చి సర్టిఫికెట్లు ఇచ్చి ఆ ఒక్కరోజు కూర్చునేవాళ్లు. బయోమెట్రిక్ వచ్చాక ఇది కొంత తగ్గిందంటారు, పూర్తిగా పోయిందని ఎవరూ అనరు. ఉండాల్సిన లెక్చరర్‌ను బయటికి పంపి, లేని లెక్చరర్‌ను కాగితం మీద ఉంచడం అనే ఈ పద్ధతిలో నష్టపోయేది ఇద్దరు: పని పోయిన మనిషి, ఇద్దరి పని ఒక్కరే చేస్తున్న మనిషి.

ఇంజినీరింగ్ కాలేజీలో ఉన్న ఎంబీఏ డిపార్ట్‌మెంట్‌కు ఒక ఊపిరి ఉంటుంది. జేఎన్‌టీయూహెచ్ సిలబస్‌లో బీటెక్ వాళ్లకు ‘బిజినెస్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్’ అని ఒక పేపర్ ఉంది, పిల్లలు బీఈఎఫ్‌ఏ అంటారు, అంతకుముందు అది ఎంఈఎఫ్‌ఏ. కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెరిగేకొద్దీ ఆ పేపర్ చెప్పడానికి మనుషులు కావాలి కాబట్టి చాలామంది ఎంబీఏ లెక్చరర్ల వర్క్‌లోడ్ దాని మీదే నిలబడింది. ఫైనాన్స్‌లో పీహెచ్‌డీ చేసినవాళ్లు ఏడాది పొడవునా బీటెక్ పిల్లలకు బ్రేక్-ఈవెన్ పాయింట్ చెబుతూ ఉంటారు. అది తక్కువ పని అని కాదు, కానీ వాళ్ల చదువుకు, వాళ్లు రాయాల్సిన పేపర్లకు సమయం ఎక్కడిది? ఎంబీఏ మాత్రమే ఉన్న కాలేజీకి ఆ ఊపిరి కూడా లేదు.

సీట్లు నిండటం ఎవరి పని? ఇది లెక్చరర్ పని అయిపోయింది. ఎండాకాలంలో నర్సంపేట, పరకాల, మహబూబాబాద్, జనగామ డిగ్రీ కాలేజీలకు బ్రోచర్లు పట్టుకుని వెళ్లడం, ఐసెట్ రాసిన పిల్లల ఫోన్ నంబర్లు సంపాదించడం, తల్లిదండ్రులకు ఫోన్ చేయడం, ఇన్ని అడ్మిషన్లు తేవాలని టార్గెట్ పెట్టడం, తేలేకపోతే జీతం ఆపడం, ఇవన్నీ ఉత్తర తెలంగాణలో ఈ వృత్తిలో ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు. ఐసెట్‌ను ఏళ్ల తరబడి నిర్వహించింది మన కాకతీయ యూనివర్సిటీయే, ఆ పరీక్ష రాసి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో మొదటిసారి పీజీ దాకా వచ్చినవాళ్లు. వాళ్ల ఇంటికి వెళ్లి "మా కాలేజీలో చేరండి" అని బతిమాలిన లెక్చరరే ఆరు నెలల తర్వాత అదే పిల్లవాడికి అటెండెన్స్ చాలదని చెప్పాలి. ఎలా చెబుతారు?

అందుకే ఉద్యోగ భద్రత అనేది టీచర్ల సొంత గొడవ కాదు. 75 శాతం హాజరు ఉండాలనేది నిబంధన. 40 శాతం ఉన్నవాడికి 75 వేయమని పైనుంచి చెబితే, కౌన్సెలింగ్ అయ్యాక ఫోన్ వస్తుందో రాదో తెలియని లెక్చరర్ వేసేస్తారు. ఇంటర్నల్ మార్కులు అందరికీ నిండుగా వేయమంటే వేస్తారు. హనుమకొండలో జిరాక్స్ సెంటర్ దగ్గర కొన్న ప్రాజెక్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టమంటే పెడతారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. వద్దు అనగలిగే చోటు వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. రెండేళ్ల తర్వాత ఆ పిల్లవాడు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలో బ్యాలెన్స్ షీట్ చదవలేక తిరిగొస్తాడు, అప్పుడు అందరూ "ఎంబీఏకి విలువ లేదు" అంటారు. ఆ విలువ ఎక్కడ పోయిందో వెతికితే, వద్దు అనలేకపోయిన ఆ సంతకం దగ్గర దొరుకుతుంది.

యాజమాన్యాల వాదన ఒకటుంది, దాన్ని తీసిపారేయకూడదు. ఈ కాలేజీల ఆదాయంలో పెద్ద వాటా ఫీజు రీయింబర్స్‌మెంట్. 2008 ప్రాంతంలో మొదలైన ఆ పథకం వల్లే పేద పిల్లలు ఎంబీఏ దాకా వచ్చారు, కాలేజీలూ పెరిగాయి. ఆ డబ్బు సమయానికి రాకపోతే జీతాలు ఆగుతాయి. 2025 నవంబర్ మొదటివారంలో బకాయిలు చెల్లించాలని రాష్ట్రవ్యాప్తంగా ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి, అంటే పరిస్థితి ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. ఫీజు ఎంతో నిర్ణయించేది ప్రభుత్వ కమిటీ, ఆ ఫీజు ఎప్పుడు చేతికొస్తుందో నిర్ణయించేది ఆర్థిక శాఖ, ఎంతమంది చేరతారో నిర్ణయించేది కౌన్సెలింగ్, మేం ఎవరికి పర్మనెంట్ మాట ఇవ్వగలం అని యాజమాన్యాలు అడుగుతాయి. అందులో నిజం ఉంది. కానీ బకాయిలు వచ్చిన నెలలో, తీసేసిన లెక్చరర్‌కు రావలసిన మూడు నెలల జీతం ఇచ్చారా అని అడిగితే జవాబు రాదు. నష్టాన్ని టీచర్లతో పంచుకున్నారు, సర్దుబాటును పంచుకోలేదు. కరోనా సమయంలోనూ ఇదే జరిగింది. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు స్కూళ్ల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ప్రైవేటు కాలేజీల లెక్చరర్లు ఆ జాబితాలో కూడా లేరు. వాళ్లలో కూరగాయలు అమ్మినవాళ్లు, ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్లు ఉన్నారు.

ప్రభుత్వ యూనివర్సిటీ అయితే భద్రత ఉంటుంది కదా అనుకుంటాం. 1976 ఆగస్టులో ఏర్పడిన కాకతీయ యూనివర్సిటీలో కామర్స్ అండ్ బిజినెస్ మేనేజ్‌మెంట్ విభాగం ఉంది, ఉత్తర తెలంగాణలో ఎంబీఏ పాఠాలు చెబుతున్నవాళ్లలో ఎంతోమంది అక్కడ చదువుకున్నవాళ్లే. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం రెగ్యులర్ నియామకానికి ఏడాది ప్రొబేషన్, అవసరమైతే ఇంకో ఏడాది, ఆ తర్వాత కన్ఫర్మ్ చేయాలి. అమెరికాలో ఆరేడేళ్లు పట్టే భద్రత ఇక్కడ ఒకటి రెండేళ్లలో వస్తుంది. బాగానే ఉంది, కానీ నియామకాలే లేకపోతే ప్రొబేషన్ ఎవరికి? ఏళ్ల తరబడి రెగ్యులర్ ప్రొఫెసర్లు రిటైర్ అవుతూ పోయారు, ఖాళీలు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ లెక్చరర్లతో నడుస్తున్నాయి. అన్ని యూనివర్సిటీలకు ఉమ్మడి నియామక బోర్డు పెడతామని 2022లో అసెంబ్లీలో బిల్లు పాసైంది, గవర్నర్ దగ్గర ఆగిపోయింది. 2023 ఏప్రిల్ 30న రాష్ట్ర ప్రభుత్వం 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించినప్పుడు అందులో జూనియర్ లెక్చరర్లు, డిగ్రీ లెక్చరర్లు ఉన్నారు, యూనివర్సిటీల కాంట్రాక్టు వాళ్లు లేరు. 2025 ఏప్రిల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకాలకు జీవో 21 వస్తే, పది పదిహేనేళ్లు పనిచేసిన తమను పక్కనపెట్టి కొత్తవాళ్లను తీసుకుంటారా అని కాకతీయతో సహా యూనివర్సిటీల్లో కాంట్రాక్టు లెక్చరర్లు క్లాసులు ఆపి కూర్చున్నారు. వాళ్ల భయమూ న్యాయమైనదే, నెట్, సెట్ అనే లెక్చరర్ అర్హత పరీక్షలు పాసై, పీహెచ్‌డీ చేతిలో పెట్టుకుని నోటిఫికేషన్ కోసం ఏళ్లుగా చూస్తున్న బయటి అభ్యర్థుల కోపమూ న్యాయమైనదే. ఏటా కొన్ని పోస్టులు నింపుకుంటూ వచ్చి ఉంటే ఈ రెండు వర్గాలూ ఒకరికొకరు ఎదురుగా నిలబడే అవసరమే ఉండేది కాదు.

యూజీసీ నిబంధనల్లో మరో మాట ఉంది: కాంట్రాక్టు నియామకాలు మొత్తం ఫ్యాకల్టీ పోస్టుల్లో 10 శాతం మించకూడదు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆ పది శాతం ఎప్పుడో దాటిపోయింది. 2025 జనవరిలో యూజీసీ తెచ్చిన ముసాయిదాలో ఆ పరిమితినే తీసేయాలని ప్రతిపాదించారు. నియమాన్ని పాటించలేకపోతే నియమాన్నే ఎత్తేయడం అన్నమాట. అది ఉన్నన్నాళ్లూ కనీసం కోర్టులో చూపించడానికి ఒక అంకె ఉంది.

కాజీపేటలోని నిట్‌లో మాత్రం టెన్యూర్ ట్రాక్‌కు కాస్త దగ్గరగా ఉండే పద్ధతి కనిపిస్తుంది. 2017 నియామక నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-2 కాంట్రాక్టు మీద, గ్రేడ్-1 నుంచి రెగ్యులర్. కానీ కాంట్రాక్టులో ఉన్నప్పుడు కూడా జీతం పే లెవెల్ ప్రకారమే వస్తుంది, పైకి వెళ్లడానికి ఏం చేయాలో పాయింట్లతో సహా రాసి ఉంటుంది. ఆ గేటు నుంచి నాలుగైదు కిలోమీటర్లు వెళ్తే అదే ఎంబీఏ, అదే ఫైనాన్స్ సబ్జెక్టు చెప్పే లెక్చరర్ జీతం ఎంతో నోటిమాట మీద తేలుతుంది. యూజీసీ స్కేలు ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 రూపాయలు. ప్రైవేటు కాలేజీలో అందులో సగం ఇస్తే మంచి కాలేజీ అంటున్నారు.

చట్టం ఏం చెబుతోందంటే, ఒక తలుపు తెరిచి ఇంకోటి మూసినట్టు ఉంటుంది. ఫ్యాక్టరీలో కార్మికుణ్ణి తీసేస్తే పారిశ్రామిక వివాదాల చట్టం కింద నోటీసు, పరిహారం అడిగేవాళ్లు, 2025 నవంబర్ నుంచి దాని చోట వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద అడగొచ్చు. టీచర్ ఆ పాత చట్టం ప్రకారం కార్మికుడు కాదని సుప్రీంకోర్టు 1988లో సుందరాంబాళ్ కేసులో చెప్పింది. చదువు చెప్పడం పవిత్రమైన పని కాబట్టి అది కార్మికుల పనిలాంటిది కాదన్న గౌరవం ఆ తీర్పులో ఉంది, ఆ గౌరవం వల్ల టీచర్ చేతిలోంచి ఒక ఆయుధం జారిపోయింది. ప్రైవేటు విద్యాసంస్థలో ఉద్యోగ వివాదం కేవలం ప్రైవేటు ఒప్పందానికి సంబంధించినదైతే హైకోర్టులో రిట్ నడవదని 2022లో సెయింట్ మేరీస్ కేసులో తేల్చింది. కాంట్రాక్టు వాళ్లు క్రమబద్ధీకరణను హక్కుగా అడగలేరని 2006లో ఉమాదేవి కేసులోనే చెప్పింది.

తెరిచి ఉన్న తలుపులూ ఉన్నాయి, వాటి గురించి లెక్చరర్లలో చాలామందికి తెలియదు. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1982 విద్యా చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది, దాని 79వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థలో టీచర్‌ను ఆరోపణలు చెప్పి విచారణ జరపకుండా తొలగించకూడదు. 2002లో టీఎంఏ పాయ్ కేసులో 11 మంది జడ్జీల ధర్మాసనం యాజమాన్యాలకు పెద్ద స్వేచ్ఛ ఇచ్చింది, అందరికీ అదే గుర్తుంది. అదే తీర్పులో టీచర్ల తొలగింపు ఫిర్యాదులకు జిల్లాకో ట్రిబ్యునల్ ఉండాలని, అది వచ్చేదాకా జిల్లా జడ్జి వినొచ్చని కూడా రాశారు. ఆ భాగాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఇక గ్రాట్యుటీ. టీచర్లకు వర్తించదన్న 2004 తీర్పు తర్వాత పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా చేసింది, ప్రైవేటు స్కూళ్లు దాన్ని సవాలు చేస్తే 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు కొట్టేసింది. లెక్క సులువు: చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లు పనిచేశారో దానితో గుణించాలి. 26,000 రూపాయల మీద 8 ఏళ్లు పనిచేసినవాళ్లకు 1,20,000 రూపాయలు వస్తుంది. పిల్లల ఏడాది ఫీజు, ఆరు నెలల ఇంటి అద్దె అందులో వెళ్లిపోతాయి. చాలామంది అడగకుండానే వదిలేశారు, ఎందుకంటే అడగాలంటే ఐదేళ్లు ఆగకుండా పనిచేసినట్టు చూపించాల్సి వచ్చేది. ఏటా ఎండాకాలం జీతం ఆపి, కౌన్సెలింగ్ తర్వాత కొత్త తేదీతో చేర్చుకునే పద్ధతి వల్ల ఆ ఐదేళ్లు కాగితం మీద ఎప్పటికీ నిండవు. ఈ విరామాలు అనుకోకుండా వచ్చినవని నమ్మడం కష్టం.

వీటన్నిటికంటే గట్టిగా మెడ పట్టుకునేది ఒరిజినల్ సర్టిఫికెట్లు. చేరేటప్పుడు వెరిఫికేషన్ పేరుతో పదో తరగతి మెమో నుంచి పీహెచ్‌డీ దాకా తీసుకుని బీరువాలో పెడతారు. వెళ్లిపోతానంటే మూడు నెలల జీతం కట్టమంటారు, ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ఆగమంటారు. తీసేసినప్పుడు మాత్రం నోటీసు లేదు, వెళ్లిపోతానన్నప్పుడు మూడు నెలలు! ఒకే ఉద్యోగంలో భద్రత యాజమాన్యానికి ఉండి టీచర్‌కు లేకపోవడం అంటే ఇదే. సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు ఏమేం ఇచ్చారో జాబితా రాసి ప్రిన్సిపాల్ సంతకంతో రసీదు తీసుకోవడం, జీతం చేతికి కాకుండా బ్యాంకులోనే అడగడం, పీఎఫ్ ఖాతాలో చేరిన తేదీ సరిగ్గా ఉందో లేదో ఏటా చూసుకోవడం, టైమ్‌టేబుల్ కాపీలు, పరీక్షల డ్యూటీ ఆర్డర్లు దాచుకోవడం, ఇవన్నీ చిన్న పనుల్లా కనిపిస్తాయి గానీ రేపు జిల్లా కోర్టులోనో గ్రాట్యుటీ అధికారి ముందో మాట్లాడేవి ఇవే. కొత్తగా చేరుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు సీనియర్లు మొదటి రోజే చెప్పాల్సిన మాటలివి.

పర్మనెంట్ చేస్తే పాఠం చెప్పరు అనే మాట ఇంకా మిగిలింది. ప్రభుత్వ కాలేజీల్లో అలాంటివాళ్లను చూశామని చాలామంది అంటారు, చూసే ఉంటారు. కానీ దానికి మందు ప్రొబేషన్‌లో గట్టిగా పరీక్షించడం. అమెరికా పద్ధతిలో ఆరేళ్లు గడిచాక బయటి నిపుణుల అభిప్రాయాలు తెప్పించి, పరిశోధన, బోధన చూసి, బాగాలేకపోతే ఏడాది ముందే చెప్పి పంపేస్తారు. ఉండు, లేదా వెళ్లు అన్న తేల్పు ఒక్కసారి ఉంటుంది, ఆ తర్వాత మనిషి నిటారుగా నిలబడి పనిచేసుకోవచ్చు. మన ప్రైవేటు కాలేజీల్లో ఆ పరీక్ష ఏటా జరుగుతోంది, కానీ అందులో అడిగేది పాఠం ఎలా చెప్పారని కాదు, ఎన్ని అడ్మిషన్లు తెచ్చారని. ఇలాంటి పరీక్షలో నెగ్గేవాళ్లు మంచి టీచర్లే కావాలని లేదు.

గుజరాత్ ఇంజినీరింగ్ కాలేజీల్లో నెలకు 30,000 రూపాయల మీద పనిచేస్తున్న కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, రెగ్యులర్ వాళ్లు చేసే పనే చేస్తున్నప్పుడు కనీస స్కేలు ఇవ్వాల్సిందేనని చెప్పింది. అది ప్రభుత్వ కాలేజీల సంగతి, ప్రైవేటు ఎంబీఏ కాలేజీలకు నేరుగా వర్తించదు. కాకతీయ, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీల కాంట్రాక్టు లెక్చరర్లకు మాత్రం పట్టుకోవడానికి అదొక ఆధారం.

ప్రైవేటు కాలేజీల్లో టెన్యూర్ ఇప్పటికిప్పుడు వస్తుందని చెప్పడం మోసం చేయడమే అవుతుంది. సీట్లు నిండని చోట ఎవరినీ తీసేయొద్దనడం కూడా కుదరదు, ఖాళీ క్లాసులకు జీతాలు ఎక్కడి నుంచి తెస్తారు? అడగగలిగేది, అడిగి తీరాల్సింది కాగితం. ప్రతి లెక్చరర్‌కు ఏఐసీటీఈ పోర్టల్‌లో ఒక ఫ్యాకల్టీ ఐడీ ఉంటుంది, కాలేజీ ఆ పేరు చేర్చొచ్చు, తీసేయొచ్చు. తీసేసేటప్పుడు మూడు గడులు నింపనిదే పేరు పోకూడదన్న నిబంధన పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు: నోటీసు ఇచ్చిన తేదీ, కారణం, బాకీ జీతం చెల్లించిన తేదీ. ఆ ఎంట్రీ లెక్చరర్ ఫోన్‌కు వెళ్లి, ఆయనో ఆమెనో ఓటీపీ కొడితేనే పూర్తవ్వాలి. అఫిలియేషన్ ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే కమిటీ ఈ ఏడాది జాబితా ఒక్కటే చూసి సంతకం పెట్టకుండా, పక్కన పోయినేడు జాబితా పెట్టుకుని, అందులో ఉండి ఇందులో లేని ప్రతి పేరు దగ్గరా ఆగి ఆ మనిషికే ఒక ఫోన్ చేయాలి. కౌన్సెలింగ్ అయ్యాక రాని ఫోన్ కనీసం అప్పుడైనా వస్తుంది.